లక్ష్యానికి లెక్క నేర్పినవాడు.. పీటర్ డ్రకర్

మీరు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఒక ఫామ్ మీ ముందుకొస్తుంది. కొన్ని కంపెనీల్లో దాన్ని గోల్ షీట్ అంటారు, కొన్నిచోట్ల కేఆర్‌ఏ అంటారు, స్టార్టప్‌ల్లో అయితే ఓకేఆర్ అంటారు. పేరేదైనా అడిగేది ఒకటే. ఈ ఏడాది మీరు ఏం సాధిస్తారు? సాధించారని ఎలా తెలుస్తుంది? నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో ఎవరూ చెప్పని పేపర్ ఇది. చాలామంది పక్క సీట్లోవాళ్ల ఫామ్ చూసి రాసేస్తారు. నేనూ అంతే చేశాను.

ఆ ఫామ్ వెనకాల ఒక మనిషి ఉన్నాడు. 1909 నవంబర్ 19న వియన్నాలో పుట్టాడు. ఏ ఫ్యాక్టరీనీ నడపలేదు, ఏ పెద్ద కంపెనీకీ సీఈవో కాలేదు. కానీ ప్రపంచంలోని పెద్ద కంపెనీలు తమ లక్ష్యాలను కాగితం మీద పెట్టుకునే పద్ధతి చాలావరకు ఆయన పుస్తకాల నుంచే వచ్చింది. ఆయనే పీటర్ డ్రకర్. ఎంబీఏ క్లాసుల్లో ఈ పేరు వినే ఉంటారు. బీటెక్ వాళ్లకు మాత్రం ఎక్కువగా ఒక కొటేషన్ కింద కనిపిస్తుంది. అదీ ఆయన అననిది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

డ్రకర్ తండ్రి అడాల్ఫ్ ఆస్ట్రియా ప్రభుత్వంలో పెద్ద అధికారి. ఇంటికి షుంపీటర్ లాంటి ఆర్థికవేత్తలు వచ్చిపోతుండేవారు. ఇలాంటి ఇంట్లో పుట్టినవాడు నేరుగా యూనివర్సిటీకి వెళ్తాడనుకుంటాం. డ్రకర్ వెళ్లలేదు. స్కూల్ అయిపోగానే, 18 ఏళ్లు నిండేలోపే, జర్మనీలోని హాంబర్గ్‌లో పత్తి, నూలు ఎగుమతి చేసే కంపెనీలో ట్రెయినీగా చేరాడు. తండ్రి కోసం అక్కడి యూనివర్సిటీలో లా కోర్సులో పేరు నమోదు చేయించుకున్నాడు. ట్రెయినీ పని బోర్ కొట్టేది. సాయంత్రాలు లైబ్రరీలో గడిపేవాడు, వారానికోసారి ఒపెరాకు వెళ్లేవాడు. స్టూడెంట్ కాబట్టి టికెట్ ఉచితం.

అలా ఒక సాయంత్రం ఇటలీ సంగీతకారుడు వెర్డీ రాసిన ఫాల్‌స్టాఫ్ అనే ఒపెరా చూశాడు. అంత ఉల్లాసంగా, అంత కష్టంగా ఉన్న రచన చేసినప్పుడు వెర్డీకి దాదాపు 80 ఏళ్లని తర్వాత చదివి ఆశ్చర్యపోయాడు. అంత పేరున్న మనిషి ఆ వయసులో మళ్లీ ఎందుకు కష్టపడ్డాడంటే, అప్పటిదాకా చేసిన ఏ పనీ తనకు పూర్తి తృప్తినివ్వలేదు కాబట్టి. ఆ సంగతి 18 ఏళ్ల కుర్రాడి మనసులో ఉండిపోయింది. తర్వాత డ్రకర్ 39 పుస్తకాలు రాశాడు. వాటిలో ఎక్కువ భాగం 60 దాటాక రాసినవే.

తప్పిన అంచనా

హాంబర్గ్ తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్. అక్కడ ఒక ఫైనాన్స్ కంపెనీలో ఉద్యోగం. 1929లో ఈ కుర్రాడు లెక్కలన్నీ కట్టి, న్యూయార్క్ స్టాక్ మార్కెట్ ఇంకా పైకే వెళ్తుందని ఒక వ్యాసం రాసి అచ్చు వేయించాడు. కొన్ని వారాలకే, ఆ అక్టోబర్‌లో, మార్కెట్ కుప్పకూలింది. ఉద్యోగం కూడా పోయింది. రేపు ఏం జరుగుతుందో చెప్పేవాళ్లంటే ఆయనకు జీవితాంతం అనుమానమే. లక్ష్యం వేరు, జోస్యం వేరు అనే తేడా ఆయన రాతల్లో పదేపదే కనిపిస్తుంది. లక్ష్యమంటే జరగబోయేది చెప్పడం కాదు, జరగాలనుకున్నదానికి ఈరోజు మనుషుల్నీ డబ్బునీ కేటాయించడం.

ఉద్యోగం పోయిన కుర్రాడు 20 ఏళ్ల వయసులో అదే ఊళ్లో ఒక దినపత్రికలో చేరాడు. ఉదయం ఆరింటికే డ్యూటీ, మధ్యాహ్నానికల్లా పేపర్ అచ్చుకు వెళ్లిపోయేది. మిగతా సమయమంతా చదువు. అక్కడే డాక్టరేట్ కూడా పూర్తి చేశాడు. ఆఫీసులో అందరూ కుర్రాళ్లే. నడివయసులో ఉండాల్సిన సీనియర్లు మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయారు. ఎడిటర్‌కు సుమారు 50 ఏళ్లు. ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ఏడాదికి రెండుసార్లు, ఒక శనివారం మధ్యాహ్నం, మర్నాడు ఆదివారం అంతా కుర్రాళ్లందర్నీ కూర్చోబెట్టి ఆరు నెలల పనిని ముందేసుకునేవాడు. మొదట బాగా చేసినవి. తర్వాత బాగా చేయాలని ప్రయత్నించినవి. తర్వాత సరిగ్గా ప్రయత్నించనివి. చివర్లో ఘోరంగా చేసినవి, అసలు చేయకుండా వదిలేసినవి. అక్కడ మొహమాటం ఉండేది కాదు. ఆఖరి రెండు గంటలు మాత్రం వచ్చే ఆరు నెలల మీద. దేని మీద దృష్టి పెట్టాలి, ఏది మెరుగుపరచుకోవాలి, ఏం నేర్చుకోవాలి. వారం తర్వాత ప్రతి ఒక్కరూ తమ ప్లాన్ రాసి ఎడిటర్‌కు ఇవ్వాలి.

ఈ మీటింగ్‌లో ఎవరి ర్యాంకూ తేల్చలేదు, ఎవరి జీతమూ పెంచలేదు. మీకు రేపు జరగబోయే అప్రైజల్‌తో దీన్ని పోల్చి చూసుకోండి. డ్రకర్ తర్వాత రాసిన సిద్ధాంతమంతా ఈ ఆదివారాల్లోంచే మొలిచిందని నా అభిప్రాయం.

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. అదే ఏడాది డ్రకర్ ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. 19వ శతాబ్దపు జర్మన్ రాజకీయ తత్వవేత్త ఫ్రెడ్రిక్ జూలియస్ స్టాల్ గురించి అది. స్టాల్ యూదు కుటుంబంలో పుట్టినవాడు. నాజీలకు ఆ పుస్తకం ఎలా కనిపిస్తుందో డ్రకర్‌కు బాగా తెలుసు. వాళ్లు దాన్ని నిషేధించారు, తగలబెట్టారు. ఆయన లండన్ వెళ్లిపోయాడు.

లండన్‌లో తిన్న చీవాట్లు

ఉద్యోగం మారబోయే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన ఘట్టం ఇక్కడ ఉంది. లండన్‌లో డ్రకర్ మొదట ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో షేర్లు, బాండ్ల విశ్లేషణ చేసేవాడు. తర్వాత ఒక చిన్న ప్రైవేట్ బ్యాంకులో ఆర్థికవేత్తగా చేరాడు. ఇక్కడ బాధ్యతలు ఎక్కువ. మూడు నెలలయ్యాక బ్యాంకు వ్యవస్థాపకుడు, 70 దాటిన పెద్దాయన, గదిలోకి పిలిచి తలంటాడు. ఇన్సూరెన్స్ కంపెనీలో చేసిన పనే ఇక్కడా చేస్తున్నావు, నేననుకున్నదానికంటే తెలివితక్కువవాడివి అన్నది దాని సారాంశం. డ్రకర్‌కు తల కొట్టేసినట్లయింది. కానీ ఆలోచిస్తే పెద్దాయన అన్నది నిజమే. పాత ఉద్యోగంలో విశ్లేషణలు బాగా రాశాడు. ఇక్కడా అవే రాస్తున్నాడు. ఇక్కడ కావాల్సింది అవి కాదు.

ఆ రోజు నుంచి కొత్త బాధ్యత తీసుకున్న ప్రతిసారీ ఒక ప్రశ్న వేసుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఈ కొత్త పనిలో ఫలితం రావాలంటే నేను ఇప్పుడు ఏం చేయాలి? క్యాంపస్‌లో టాపర్‌గా ఉండి కంపెనీలో మొదటి ఏడాది తడబడేవాళ్లను చూశారా? పరీక్ష రాసే నైపుణ్యం పోయి కాదు. ఇంకా పరీక్షే రాస్తున్నారు కాబట్టి.

లండన్‌లోనే ఇంకో విశేషం జరిగింది. పికడిల్లీ సర్కస్ మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ మీద డ్రకర్ ఒక దిక్కుకు వెళ్తుంటే, ఎదురు ఎస్కలేటర్ మీద ఫ్రాంక్‌ఫర్ట్‌లో పరిచయమున్న డోరిస్ ష్మిట్జ్ కనిపించింది. ఇద్దరూ చేతులూపుకున్నారు. పైకెళ్లి మళ్లీ కిందికి, కిందికెళ్లి మళ్లీ పైకి... ఒకరినొకరు దాటుకుంటూనే పోయారట. పెళ్లి చేసుకుని 1937లో అమెరికా వెళ్లారు. డోరిస్‌ను గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

జనరల్ మోటార్స్ లోపల

అమెరికాలో డ్రకర్ పత్రికలకు రాసేవాడు, కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. 1943లో జనరల్ మోటార్స్ నుంచి ఫోన్ వచ్చింది. అప్పట్లో ప్రపంచంలోనే అతిపెద్ద తయారీ కంపెనీల్లో అదొకటి. మా సంస్థ ఎలా పనిచేస్తుందో లోపలికొచ్చి అధ్యయనం చేయమన్నారు. సుమారు ఏడాదిన్నర పాటు ప్లాంట్లు తిరిగాడు, మీటింగుల్లో కూర్చున్నాడు, మేనేజర్లతో మాట్లాడాడు. చైర్మన్ ఆల్‌ఫ్రెడ్ స్లోన్ నిర్ణయాలు ఎలా తీసుకుంటాడో దగ్గరుండి చూశాడు.

1946లో కాన్సెప్ట్ ఆఫ్ ది కార్పొరేషన్ పుస్తకం వచ్చింది. జనరల్ మోటార్స్ తన అధికారాన్ని విభాగాలకు పంచి నడిపే తీరును డ్రకర్ మెచ్చుకున్నాడు. అయినా కంపెనీకి ఆ పుస్తకం నచ్చలేదు. పాత విధానాల్ని మళ్లీ పరీక్షించుకోండి, కార్మికుడిని ఖర్చుగా చూడకండి, పని గురించి అతనికి తెలిసినదాన్ని వాడుకోండి అన్నాడు మరి. స్లోన్ ఆ పుస్తకమే లేనట్టు వ్యవహరించాడు. మిగతా కంపెనీలు మాత్రం దాన్ని పాఠ్యపుస్తకంలా చదివాయి.

1950 నుంచి న్యూయార్క్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. అదే కాలంలో జనరల్ ఎలక్ట్రిక్‌కు సలహాదారు. ఆ అనుభవమంతా 1954లో ది ప్రాక్టీస్ ఆఫ్ మేనేజ్‌మెంట్ అనే పుస్తకంగా వచ్చింది. మీ గోల్ షీట్‌కు తాత ఇదే.

కంపెనీ లక్ష్యం లాభమే అంటే ఆయన ఒప్పుకోలేదు. ఒక్క అంకె వెనక పరుగెత్తితే మేనేజర్ రేపటిని అమ్ముకుని ఈరోజు లెక్క సరిచేస్తాడు. అందుకని ఎనిమిది చోట్ల లక్ష్యాలు ఉండాలన్నాడు. మార్కెట్లో స్థానం, కొత్తదనం, ఉత్పాదకత, ఆర్థిక - భౌతిక వనరులు, లాభదాయకత, మేనేజర్ల పనితీరు - ఎదుగుదల, ఉద్యోగుల పనితీరు - వైఖరి, సమాజం పట్ల బాధ్యత. వీటిలో చివరి మూడింటికి సరైన కొలతలు లేవని ఆయనే ఒప్పుకున్నాడు. కొలవలేం కదా అని వదిలేయకూడదనేది ఆయన పట్టు. చాలామంది ఈ పేజీ దాటేసి పోతారు.

అందులోనే రాళ్లు కొట్టే ముగ్గురి కథ ఉంది. ఏం చేస్తున్నారని అడిగితే ఒకడు పొట్టకూటి కోసమన్నాడు. రెండోవాడు దేశంలోకెల్లా గొప్పగా రాయి చెక్కుతున్నానన్నాడు. మూడోవాడు గుడి కడుతున్నానన్నాడు. కథ పాతదే, మోటివేషన్ స్పీకర్లు మూడోవాడికి చప్పట్లు కొట్టించి ముగిస్తారు. డ్రకర్ మాత్రం రెండోవాడి దగ్గర ఆగాడు. మొదటివాడితో పెద్ద ఇబ్బంది లేదు, జీతానికి తగ్గ పని చేస్తాడు. కష్టమంతా రెండోవాడితోనే. తన పనితనంలో మునిగిపోయి, ఆ రాయి గోడలో ఎక్కడికి వెళ్తుందో చూడడు. అలాగని పనితనం వద్దనలేదు. అది మొత్తం సంస్థ అవసరంతో ముడిపడి ఉండాలన్నాడు. ఎవరూ వాడని ఫీచర్‌ను అద్భుతమైన కోడ్‌తో రాసే మిత్రులు నాకున్నారు. బహుశా నేనూ వాళ్లలో ఒకడినే.

సగం మిస్సయిన పేరు

డ్రకర్ పద్ధతిని అందరూ ఎంబీవో అంటారు. మేనేజ్‌మెంట్ బై ఆబ్జెక్టివ్స్. కానీ పుస్తకంలో ఆ అధ్యాయం పేరు అక్కడితో ఆగదు. మేనేజ్‌మెంట్ బై ఆబ్జెక్టివ్స్ అండ్ సెల్ఫ్ కంట్రోల్. కంపెనీలు మొదటి సగం తీసుకుని రెండో సగం వదిలేశాయి. అసలు కిటుకంతా ఆ రెండో సగంలోనే ఉంది.

ఆయన చెప్పిన ఒక ఉదాహరణ చూడండి. ఒక కంపెనీలో ప్రతి మేనేజరూ ఏడాదికి రెండుసార్లు తన పై అధికారికి ఉత్తరం రాయాలి. మొదట, మీ ఉద్యోగం లక్ష్యాలు నాకు అర్థమైనంతవరకు ఇవీ అని రాయాలి. అవును, బాస్ లక్ష్యాలు. తర్వాత తన లక్ష్యాలు, తన పనిని ఏ ప్రమాణంతో కొలవాలి, వాటికోసం ఏం చేయాలి, అడ్డంకులేంటి. ఆ తర్వాత అసలు ఘట్టం. మీరూ, కంపెనీ చేస్తున్నవాటిలో నాకు సాయపడేవి ఏవి, అడ్డుపడేవి ఏవి అని కూడా రాయాలి. ఇలా రాస్తే బాస్ చెప్పినదానికీ కింది మనిషికి అర్థమైనదానికీ మధ్య ఎంత దూరముందో మొదటి ఉత్తరంలోనే బయటపడుతుంది. మీ గోల్ షీట్‌లో, మా మేనేజర్ చేసే ఈ పని వల్ల నాకు ఆలస్యమవుతోందని రాసుకునే గడి ఉందేమో చూడండి.

ఇంకో ఉదాహరణ జనరల్ ఎలక్ట్రిక్‌ది. అక్కడ ఆడిటర్లు ఊరూరూ తిరిగి ప్రతి విభాగాన్నీ ఏడాదికోసారైనా పరిశీలించేవారు. రిపోర్టు మాత్రం ఆ విభాగం మేనేజర్‌కే ఇచ్చేవారు, హెడ్డాఫీసుకు కాదు. కొలత ఉంది. అది పని చేసే మనిషి చేతికే వెళ్తోంది. కొలతలను పైనుంచి పట్టి ఆడించే తాడుగా వాడితే దాని నష్టం మామూలుగా ఉండదని ఆయన హెచ్చరించాడు.

దండయాత్రల్లాంటి డ్రైవ్‌లను కూడా ఎద్దేవా చేశాడు. పొదుపు వారోత్సవం వస్తుంది. టైపిస్టులను తీసేస్తారు. పెద్ద జీతం తీసుకునే అధికారి కూర్చుని తన ఉత్తరాలు తనే, అదీ తప్పులతో, టైప్ చేసుకుంటాడు. లెక్కలో మాత్రం పొదుపు కనిపిస్తుంది.

పద్ధతి వ్యాపించింది, పాడైంది, మళ్లీ మారింది. హంగరీ నుంచి శరణార్థిగా అమెరికా వచ్చిన ఆండీ గ్రోవ్ ఇంటెల్‌లో దీన్నే మరింత పదును పెట్టాడు. ఎటు వెళ్లాలనేది ఆబ్జెక్టివ్, అటు వెళ్తున్నామని తేల్చేవి కీ రిజల్ట్స్. వాటిని ఏడాదికోసారి కాకుండా మూడు నెలలకోసారి చూసుకోవాలి, జీతంతో ముడిపెట్టకూడదు. ఇంటెల్‌లో గ్రోవ్ దగ్గర నేర్చుకున్న జాన్ డోర్ 1999లో దాన్ని ఏడాది వయసున్న గూగుల్‌కు తీసుకెళ్లాడు. ఇవాళ హైదరాబాద్‌లో ఏ ప్రొడక్ట్ కంపెనీలో చేరినా కనిపించే ఓకేఆర్ అలా వచ్చిందే. ఒకడిది వియన్నా, ఇంకొకడిది బుడాపెస్ట్. డ్రకర్ పుట్టేనాటికి ఆ రెండూ ఒకే సామ్రాజ్యపు జంట రాజధానులు. ఇద్దరూ దేశం విడిచి పారిపోయినవాళ్లే.

అందరూ ఒప్పుకున్నారా అంటే లేదు. నాణ్యత పాఠాలతో జపాన్ పరిశ్రమలను ప్రభావితం చేసిన డెమింగ్ అంకెల కోటాలనూ, ఎంబీవోనూ తీసిపారేయమన్నాడు. ఫలితం చాలావరకు వ్యవస్థ వల్ల వస్తుంది, దానికి మనిషిని బాధ్యుడిని చేస్తే భయం పెరుగుతుంది, భయపడ్డవాడు లెక్కలు మారుస్తాడు అని ఆయన వాదన. దీనికి సాక్ష్యం 2016లో అమెరికాలోనే దొరికింది. వెల్స్ ఫార్గో బ్యాంకులో ఒక్కో కస్టమర్‌కు ఎనిమిది ఉత్పత్తులు అంటగట్టాలనేది లక్ష్యం. ఉద్యోగులు కస్టమర్లకు తెలియకుండా వాళ్ల పేర్ల మీద ఖాతాలు తెరిచారు. అలాంటివి 20 లక్షల దాకా ఉండొచ్చని తేలింది. 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటికి కొన్నేళ్లలో సుమారు 5,300 మందిని తీసేశారు. లక్ష్యం స్పష్టంగానే ఉంది, కొలిచారు కూడా.

నా మొదటి ఉద్యోగంలో ఇదే తంతు చిన్న సైజులో చూశాను. నెలకు ఇన్ని టికెట్లు క్లోజ్ చేయాలని టీమ్‌కు లక్ష్యం పెట్టారు. మూడు నెలల్లో అంకె అమాంతం పెరిగింది. ఒక పెద్ద సమస్యను నాలుగు టికెట్లుగా విడగొట్టడం మేం నేర్చుకున్నాం. కస్టమర్ ఫిర్యాదులు మాత్రం అలాగే ఉన్నాయి. డాష్‌బోర్డ్ పచ్చగా ఉండేది.

ఇప్పుడు ఆ కొటేషన్ సంగతి. కొలిస్తేనే ఏదైనా అదుపులోకి వస్తుందనే అర్థం వచ్చే మాట ఒకటి డ్రకర్ ఫొటో కింద తిరుగుతుంటుంది. ఆయన ఆ మాట అనలేదని ఆయన పేరుతో నడిచే డ్రకర్ ఇన్‌స్టిట్యూటే చెప్పింది. కొలవలేని మూడింటిని లక్ష్యాల్లో చేర్చిన మనిషి అలా ఎందుకంటాడు? ఇంటర్వ్యూలో ఆ వాక్యం ఆయన పేరు మీద వాడకండి. ఎదుటివాళ్లు చదివినవాళ్లైతే దొరికిపోతారు.

1971లో డ్రకర్ కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌కు మారాడు. సాదాసీదా ఇల్లు. సెక్రటరీ లేడు, ఫోన్ తనే ఎత్తేవాడు. చర్చిలు, ఆస్పత్రులు, స్వచ్ఛంద సంస్థలకు ఎక్కువ సమయం ఇచ్చాడు. లాభం అనే అంకె లేని సంస్థకు లక్ష్యం పెట్టడమే అన్నిటికన్నా కష్టమని ఆయన నమ్మకం. మూడు నాలుగేళ్లకోసారి పూర్తిగా కొత్త సబ్జెక్ట్ పట్టుకుని చదివేవాడు. జపాన్ చిత్రకళ మీద పాఠం చెప్పేంత లోతుకు వెళ్లాడు.

తన మీద తను ఒక ప్రయోగం దశాబ్దాల తరబడి చేశాడు. ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నప్పుడల్లా దానివల్ల ఏం జరుగుతుందనుకుంటున్నాడో రాసి పెట్టుకునేవాడు. తొమ్మిది నెలలకో, ఏడాదికో తీసి అసలు జరిగినదానితో పోల్చేవాడు. తను దేంట్లో గట్టివాడో, దేంట్లో తనను తాను మోసం చేసుకుంటున్నాడో అక్కడ తెలిసేది. ఇందులో అనుకోని సంగతులు ఆయనకే ఎదురయ్యాయి. ఇంజినీర్లు, అకౌంటెంట్ల లాంటి సాంకేతిక మనుషులు తనకు సహజంగానే అర్థమవుతారనీ, అన్నీ కొంచెం కొంచెం తెలిసినవాళ్లతో తనకు పొసగదనీ ఈ కాగితాలే చెప్పాయి. నోట్‌బుక్, పెన్ను, తొమ్మిది నెలల ఓపిక చాలు. ఏ కంపెనీలో అప్లై చేయాలో తేల్చుకోలేకపోతున్న మీరు ఈ రాత్రి మొదలుపెట్టొచ్చు.

ఫ్రాంక్‌ఫర్ట్ ఎడిటర్ ఆదివారాలు అమెరికా వచ్చిన కొన్నేళ్లకు ఆయనకు మళ్లీ గుర్తొచ్చాయి. అప్పటి నుంచి ఏటా వేసవిలో రెండు వారాలు పక్కన పెట్టి గడిచిన ఏడాదిని అదే వరుసలో చూసుకునేవాడు. తర్వాత వచ్చే ఏడాదికి ప్లాన్ రాసేవాడు. ఆ ప్లాన్‌ను ఒక్క ఏడాది కూడా పూర్తిగా అమలు చేయలేకపోయానని ఆయనే రాసుకున్నాడు. కంపెనీలకు లక్ష్యాలు రాయడం నేర్పిన మనిషి మరి! అయినా మళ్లీ వేసవి రాగానే కూర్చునేవాడు.

2002లో అమెరికా అత్యున్నత పౌర పురస్కారం అందుకున్నాడు. 2005 నవంబర్ 11న, ఇంకో ఎనిమిది రోజుల్లో 96 నిండుతాయనగా, క్లేర్‌మాంట్‌లోని ఇంట్లో కన్నుమూశాడు.

డోరిస్ 103 ఏళ్లు బతికింది. భర్త ఉపన్యాసాలిస్తుంటే హాల్లో వెనకాల కూర్చుని, వినపడట్లేదు, గట్టిగా మాట్లాడమని అరిచి చెప్పడం ఆమె డ్యూటీ. ఇలా ఎన్నాళ్లు అరుస్తామనుకుందో ఏమో, 80 దాటాక ఆ పని చేసే ఒక చిన్న పరికరం కనిపెట్టి, దాన్ని అమ్మడానికి కంపెనీ పెట్టింది. మాట్లాడే మనిషి గొంతు తగినంత పెద్దగా ఉందో లేదో అది కొలిచి, ఆ మనిషి కళ్లముందే చూపిస్తుంది.